అత్త ముందు నడిచిన ఆదివారాలు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది గాజుల బూబమ్మ. అనకాపల్లి నుంచి పొద్దుటి బస్సులో దిగి, గాజుల మలారం భుజాన వేసుకుని చోడవరం వీధులన్నీ తిరిగే మనిషి. ఆ రోజు మా నడవలో కూర్చుని అమ్మ చేతికి ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తూ చెప్పింది.

"లైబ్రరీ కాడ ఆదివారం సాయంత్రం పిట్టల మీద ఉపన్యాసమంట తల్లీ. ఫారెస్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన బాబు ఒకాయన చెప్తాడంట. ఆడోళ్లు కూడా రావచ్చునంట. దండోరా ఏస్తంటే నా సెవులారా ఇన్నాను."

"ఉపన్యాసం పిట్టలకా, మనకా?" అని అమ్మ నవ్వింది.

స్తంభానికి చేరబడి కూర్చున్న మా అత్త నవ్వలేదు. "ఆడోళ్లు అంటే అందరు ఆడోళ్లూనా?" అని అడిగింది.

బూబమ్మ చేతిలో గాజు అలాగే ఆగిపోయింది. అత్త బోసి చేతుల వంక చూసి, చూపు తిప్పుకుని, "అందరూ అనే అరిసేడమ్మా" అంది.

అత్త అంటే మా నాన్నకు స్వయానా అక్క, మా వైపు మాటలో అప్ప. కాపురానికి వెళ్లిన కొద్ది రోజులకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ మా ఇంట్లో ఉంది. నన్ను బడికి పంపలేదు. చేటలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అ ఆలు దిద్దించింది అత్తే. ఇంట్లో ఉన్న పురాణాలన్నీ నా చేత పైకి చదివించింది, తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి చదివించింది. ఈ నాలుగు ముక్కలు నేను రాయగలుగుతున్నానంటే ముందు మా ఊరి వినాయకుడి దయ, తరవాత ఆవిడ దయ. ఆయన ఏమీ అనుకోడు, ఆ వరస మార్చి చెప్పినా చెప్పవచ్చు.

మా ఇల్లు బస్సులు ఆగే చోటికి వెళ్లే రోడ్డు మీదే ఉండేది. తెల్లవారితే వీధి వీధంతా ఆ రోడ్డునే బయల్దేరేది. చెరకు కొట్టేవాళ్లు, అనకాపల్లికి బెల్లం బళ్లు తోలేవాళ్లు, మాడుగుల బస్సుకు పరిగెత్తేవాళ్లు. బయల్దేరిన మనిషికి భర్త లేని ఆడది ఎదురైతే పని చెడుతుందని మా వాళ్ల నమ్మకం. అలా ఎదురైతే ఆ మనిషి వెనక్కి ఇంటికి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అందుకని ఎండ ముదిరే దాకా అత్త పెరటి గుమ్మం దాటేది కాదు.

నాన్న ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కాని ఆయన చెప్పులు తొడుక్కునే ముందు ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే అత్త ఏ పనిలో ఉన్నా వంటింట్లోకి తప్పుకునేది. మా నాన్నకు పొద్దుటిపూట జలుబు చేస్తుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను దేవుణ్ణి నమ్ముతాను, శకునాల్ని నమ్మను. ఈ రెండూ ఒకటేననే వాళ్లతో నాకు అప్పుడూ పేచీ, ఇప్పుడూ పేచీ. ఆయన చేసిన మనిషిని పట్టుకుని చెడ్డ శకునమనడం ఆయన పనితనానికి వంక పెట్టడమే. ఇది చదివి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ఆదివారం సాయంత్రం అమ్మా, అత్తా, నేనూ లైబ్రరీకి వెళ్లాం. సాయంత్రం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఊరు ఇళ్లకు చేరుకునే వేళ కదా. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త అది. లైబ్రరీలో తరచు ఏదో ఒక సభ జరిగేది, పక్క వరండాలో ఆడవాళ్లకు చాప వేసేవారు. ఉపన్యాసం చెప్పే పెద్దాయన అట్టల మీద రంగులతో పిట్టల బొమ్మలు వేసి తెచ్చాడు. ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, అది ఎలా కూస్తుందో కూసి వినిపించాడు. అంత పెద్దమనిషి మూతి సున్నాలా చుట్టి లకుముకి పిట్టలా అరుస్తుంటే ముందు వరసలో మగవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వి, మళ్లీ కూశాడు. ఆ రోజు నుంచి ఊరికి ఆయన పిట్టల మాష్టారు.

చివరికి తీతువు పిట్ట బొమ్మ ఎత్తాడు. చాప మీది ఆడవాళ్లు కొందరు తల తిప్పేసుకున్నారు. తీతువు కూసిందంటే ఆ దిక్కున ఎవరో పోతారని మా దగ్గర గట్టి నమ్మకం.

"ఇది చావు కబురు చెప్పదమ్మా," అన్నాడు మాష్టారు. "పాపం, దీనికి చెట్టు మీద గూడు లేదు. బీడు నేల మీద రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి. మనం చూసుకోకుండా అటే నడుస్తాం. తొక్కేస్తామని భయపడి అది నెత్తి మీద తిరుగుతూ గోల పెడుతుంది. మనకేదో కీడు చెబుతోందని మనం దాన్ని తిడతాం."

అప్పుడు మా అత్త లేచి నిలబడింది. అమ్మ కొంగు పట్టుకుని లాగినా కూర్చోలేదు.

"బాబూ, ఒక మాట. అది మనకి ఎదురైతే మనకి సెడ్డ శకునమంటన్నారు. మరి మనం దానికి ఎదురైతే దానికి ఏటి శకునం?"

లోపల మగవాళ్లు మళ్లీ నవ్వారు. మాష్టారు మాత్రం కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "దానికి మనకన్నా చెడ్డ శకునం లేదమ్మా" అన్నాడు. తరవాత అందరికీ వినిపించేలా చెప్పాడు. వచ్చే ఆదివారం నుంచి తెల్లవారుతూనే లైబ్రరీ మెట్ల దగ్గర కలుద్దాం, చేలగట్ల మీదుగా ఏటి దాకా నడుద్దాం, బొమ్మల్లో చూపించినవన్నీ ప్రాణంతో చూపిస్తాను, ఎవరైనా రావచ్చు.

ఇంటికి వస్తూ అత్త, "నేనెల్తాను" అంది.

ఆ మాట వీధంతా పాకడానికి ఎంతసేపు కావాలి. నాలుగిళ్ల అవతల ఉండే బాబాయి, అంటే నాన్నకు చిన్నాన్న కొడుకు, సైకిలు మా అరుగుకు ఆనించి లోపలికి వచ్చాడు.

"అన్నా, అప్పని ఆదివారం పిట్టల్ని సూడ్డానికి పంపుతన్నావంట?"

"పంపడమేటిరా. ఆవిడే ఎల్తానంటంది."

"తెల్లారగట్ల ఊరు ఊరంతా బయల్దేరే ఏళ అది. ఆవిడ రోడ్డు మీద ఉంటే ఎవడి పని అవుతాది? మా వోడి సంబంధం మాటాడ్డానికి నేను ఆదివారమే అనకాపల్లి ఎల్లాలి. కావాలంటే సాయంత్రం ఎల్లి సూసుకోమను. పిట్టలెక్కడికి పోతాయి."

"గూళ్లలోకి పోతాయి" అంది అత్త వంటింటి గుమ్మంలోంచి. చేతులు తుడుచుకుంటూ నడవలోకి వచ్చింది. "ఒరే, ఎదురు రావడం అంటే ఏటిరా?"

"ఎదురంటే ఎదురే అప్పా. ఏటా పెశ్న?"

"మొహం మొహం తగిలితే కదా ఎదురు? నేను అందరికన్నా ముందు నడుస్తాను. ఎనకొచ్చినోళ్లకి నా ఈపు కనిపిస్తాది గాని మొహం కనిపించదు. ఈపుకి శకునం ఉందేటి? ఏ శాస్త్రంలో ఉందో సూపించు, ఇంట్లో కూకుంటాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి నాన్న వైపు చూశాడు. నాన్న దూలాల వైపు చూశాడు.

"సదువొచ్చిన ఆడోళ్లతో మాటలు పెట్టుకోకూడదు" అని బాబాయి లేచాడు.

"ఆ సదువు నీకూ నేనే సెప్పేను కదరా" అంది అత్త వెనక నుంచి. "గుణింతం దగ్గిర మానేసేవు."

ఆయన వెళ్లిపోయాక నాన్న మెల్లగా, "అప్పా, నిజంగా ఎల్తావా?" అన్నాడు.

"ఎల్తాను. నువ్వు ఆదివారం పొద్దున్న దగ్గక్కర్లేదు."

నాన్న తల దించుకున్నాడు. ఆ దగ్గు గురించి ఆ ఇంట్లో ఎవరైనా పైకి మాట్లాడటం అదే మొదలు.

ఆ ఆదివారం మంచు బాగా పడింది. బెల్లం వండే రోజులు. పెనం మీద పాకం వాసన ఊరి పొలిమేర దాకా వస్తోంది. లైబ్రరీ మెట్ల దగ్గర బడి పంతులు, ఇద్దరు ముగ్గురు షావుకార్లు, మా వీధి ఆడవాళ్లు కొందరు చేరారు. అత్త చేతిలో మరచెంబుతో నీళ్లు పట్టుకుని, ఎవరినీ అడగకుండా ముందుకు పోయి నిలబడింది. మాష్టారు ఒక్క క్షణం చూసి, "పదండమ్మా, ముందు మీరే" అన్నాడు.

పిట్టల విద్య అత్తకు అసలు అబ్బలేదు. ఆవిడకు చిన్నవన్నీ పిచికలే, పెద్దవన్నీ కాకులే. జెముడుకాకి కంచెలోంచి ఎగిరితే, "కాకికి ఈ ఎర్ర రెక్కలేటి, తుప్పట్టిందా?" అంది. మాష్టారు ఓపికగా చెప్పేవాడు. ఆవిడ ఓపికగా మరిచిపోయేది. కాని తంతి మీద పాలపిట్ట రెక్క విప్పినప్పుడు మాత్రం ఆవిడ రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. దసరా నాడు పిట్టలు పట్టేవాళ్లు బుట్టలో పెట్టి గుమ్మం గుమ్మానికీ తెస్తే చూసిన పిట్ట అదే. గాలిలో దాని నీలం చూడటం ఆవిడకు అదే మొదటిసారి, నాకూ అంతే.

చేలగట్టు మలుపు తిరిగేసరికి ఎదురుగా బాబాయి. చేలో పాకలో పడుకుని, అటు నుంచి అటే బస్సుకు బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కా, సైకిలు. అత్త వేసిన లెక్కలో ఈ సంగతి లేదు. వెనక వచ్చేవాళ్లకు వీపు చూపించవచ్చు, ముందు నుంచి వచ్చేవాళ్లకు ఏం చూపిస్తాం?

అందరం ఆగిపోయాం. బాబాయి సైకిలు దిగాడు. మొహం చిన్నబోయింది. కొడుకు పెళ్లి మాట మరి. సైకిలు వెనక్కి తిప్పాడు, పాకకు పోయి కూర్చుని నీళ్లు తాగి వద్దామని.

"ఆగరా," అంది అత్త. "నువ్వాగు. ముందు నేను కూకోవాలి."

"నువ్వెందుకు?"

"నేను మంచి పనికి బయల్దేరేను. నువ్వెదురొచ్చేవు. నా శకునం సెడిపోయింది."

ఆవిడ గట్టు మీద రాయి చూసుకుని కూర్చుంది. తాపీగా మరచెంబు మూత తిప్పింది. ఎత్తి పట్టుకుని గడగడా నీళ్లు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. వచ్చిన వాళ్లలో ఒకరూ కదల్లేదు. మాష్టారు చెరకు ఆకుల్లోకి దేన్నో చూస్తున్నట్టు దుర్భిణీ పెట్టుకున్నాడు. అక్కడ ఏ పిట్టా లేదు.

"ఇంద. నువ్వూ తాగు" అని చెంబు చాపింది అత్త. "ఇక్కడే కూకో. పాక దాకా పోయొస్తే బస్సు పోద్ది. పిల్లనిచ్చేవోళ్లు ఎదురు సూస్తారు."

బాబాయి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి సైకిలు పడుకోబెట్టి, ఆవిడ పక్కన గట్టు మీద కూర్చుని, చెంబు అందుకుని తాగాడు. తాగి, "నీళ్లు సల్లగా ఉన్నాయి" అన్నాడు. మేం పక్కకు తప్పుకుని దారిచ్చాం. ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ సంబంధం కుదిరిందా లేదా అని నన్ను అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. కుదిరినా, చెడినా అది మా అత్త మొహం వల్ల కాదు. అందుకే ఇక్కడ రాయను.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. ఆ వారంలోనే మాష్టారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాన్న, అత్త, నేను ఉన్నాం.

"లైబ్రరీ పెద్దలు కొందరు ఒక మాట అంటున్నారు. నడకలు సాయంత్రం పెట్టుకోమంటున్నారు. లేదూ పొద్దున్నే అంటే, ఈ అమ్మగారు రాకుండా ఉంటే... కాదంటే మెట్ల దగ్గర గుమిగూడవద్దు, హాలూ ఇవ్వం అంటున్నారు."

"మీరేటన్నారు బాబూ?" అంది అత్త.

"నేనేమీ అనలేదమ్మా. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను."

"నేను మానేస్తే మీకు హాలుంటాది," అంది అత్త. "పదిమందీ మీ మాట ఇంటారు. నాకు తెలుసు. కాని బాబూ, నేను ఇంట్లో ఉన్నా ఎవరికో ఒకరికి ఎదురవుతూనే ఉన్నాను. ఇన్నేళ్లూ తప్పుకుని తప్పుకుని సూసేను. ఆదివారం నేను వస్తాను. మీరు రావద్దంటే నేనొక్కదాన్నీ ఏటి దాకా పోయొస్తాను. పేర్లు తప్పు సెప్పుకుంటాను, అంతే కదా."

మాష్టారు నోరు తెరిచేలోగా మా నాన్న మాట్లాడాడు. నాన్న పదిమందిలో మాట్లాడే మనిషి కాడు.

"హాలు ఇవ్వకపోతే ఈ అరుగుంది. ఇక్కడ సెప్పండి. పొద్దున్న నడక కూడా ఇక్కణ్ణించే బయల్దేరండి. ముందు నేనొస్తాను. మా అప్ప ఎనకాల."

ఇప్పుడు రాస్తుంటే కూడా నా కళ్లు తడుస్తున్నాయి. మా నాన్నకు ఆ మాట ఆ వేళకు అందించినందుకు దేవుడికి దణ్ణం పెట్టని రోజు లేదు.

కాని అరుగు ఉండటం వేరు, జనం రావడం వేరు. ఆ ఆదివారం మేం నలుగురమే నడిస్తే ఊరు ఒకసారి నవ్వి మరిచిపోయేది, అత్త మళ్లీ పెరటి గుమ్మానికే. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. పొద్దున్నే అరుగు మీద నిలబడ్డాం. మాష్టారు వచ్చాడు. షావుకార్లు రాలేదు. బడి పంతులు వీధి చివరి దాకా వచ్చి, ఆగి, తిరిగి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు అమ్మ లోపలి నుంచి వచ్చింది. తలంటుకుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, పండక్కి కట్టే చీర కట్టుకుంది.

"వదినా, పద" అని అత్త చెయ్యి పట్టుకుంది. "నేనూ ముందే నడుస్తాను. ఎవడికి ఎవరు ఎదురో ఆడే తేల్చుకుంటాడు."

వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని వీధిలోకి దిగారు. చూడండి, తలుపులు తెరిచిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక ఇంట్లోంచి అత్తా కోడలూ వచ్చారు. ఎదురింటి ముసలమ్మ, "నేనూ మీ వదిన లాంటిదాన్నే కదే, నేను రాకూడదా?" అంటూ కర్ర తీసుకుంది. ఆవిడకు భర్త పోయి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తు లేదు. బడి పంతులు ఒక్కడే కాదు, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. తిరిగి వెళ్లింది ఆవిణ్ణి లేపడానికట. మొదటి ఆదివారమంత మంది లేరు. ఉన్నవాళ్లు మాత్రం అత్త వెనక నడవడానికే వచ్చిన వాళ్లు.

ఏటి దగ్గర బీడులో తీతువు లేచింది. నెత్తి మీదికి వచ్చి గోల గోల. మాష్టారు చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపాడు. అత్త అడుగుకు జానెడు దూరంలో గులకరాళ్ల మధ్య గుడ్లు. ఆయన వేలు పెట్టి చూపించే దాకా ఎవరికీ కనబడలేదు. అత్త ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకుంది. తల ఎత్తి, "పోతన్నాం తల్లీ, పోతన్నాం. తిట్టకు" అంది. మేమంతా వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చాం.

ఆ నడకలు ఆగలేదు. చెరకు నరికాక, వానల్లో, మళ్లీ మంచులో నడిచాం. మా అరుగు మీద మాష్టారు పాముల గురించి, గబ్బిలాల గురించి, ముంగిసల గురించి చెప్పాడు. గోవాడ నుంచి కూడా జనం వచ్చేవారు. కొన్నాళ్లకు లైబ్రరీ వాళ్లే పిలిచి హాలు ఇచ్చారు. ఎందుకు వద్దన్నారో, ఎందుకు ఇచ్చారో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అత్త అప్పటికి రోడ్డు మీద ఏ వేళ కావాలంటే ఆ వేళ నడిచేది. ఆవిణ్ణి చూసి వెనక్కి తిరిగే వాళ్లు తిరిగేవారు. ఆవిడ వాళ్ల కోసం ఆగేది కాదు.

తరవాత మాష్టారు కొడుకు దగ్గరికి వెళ్లిపోయి అక్కడే పోయారు. ఊరు ఆయన్ని మరిచిపోలేదు. సభ పెట్టి, దండ వేసి, చోడవరానికి పిట్టల్ని చూడటం నేర్పిన మహానుభావుడని పొగిడారు. ఆ పొగడ్తలో ఒక్క మాట ఎక్కువ కాదు. ఆయన రుణం నాకూ ఉంది. కాని ఆ సభలో మా అత్త మాట ఎవరూ ఎత్తలేదు. నేను వరండాలో కూర్చుని చివరి దాకా విన్నాను. ఎత్తుతారేమోనని చూశాను.

అందుకని ఇది రాశాను. ఇందులో బూబమ్మది తప్ప ఎవరి పేరూ రాయలేదు కాబట్టి ఆవిడ పేరు కూడా రాయను. ఆవిడకు ఒక పిట్ట పేరు కూడా సరిగ్గా రాలేదు. పిట్టల గురించి ఆవిడ ఎవరికీ ఏమీ నేర్పలేదు. తెల్లవారుజామున గుమ్మం దిగి, దారి మధ్యన, అందరికన్నా ముందు నడిచింది, అంతే. ఆవిణ్ణి గుర్తు పెట్టుకోండి.